బ్రాండో, నికల్సన్ ఇద్దరూ ఉండి కూడా ‘మిస్సోరి బ్రేక్స్’ ఎందుకు తేలిపోయింది?

క్లుప్తంగా: 1976 మే నెలలో విడుదలైన వెస్టర్న్ (హాలీవుడ్ కౌబాయ్ సినిమా) ‘ది మిస్సోరి బ్రేక్స్’లో మార్లన్ బ్రాండో, జాక్ నికల్సన్ తొలిసారి, చివరిసారి కూడా, కలిసి నటించారు. సినిమా ఆడలేదు. నెపం చాలావరకు బ్రాండో వింత నటన మీద పడింది. కానీ అసలు లోపం అంతకుముందే మొదలైంది. స్క్రిప్టు పక్కాగా తేలకముందే హీరోల ఒప్పందాలు కుదిరిపోయాయి. పోస్టర్ ఇద్దరి పోరును అమ్మితే సినిమా ఆ పోరునే ఎగ్గొట్టింది. పాత వెస్టర్న్ నుంచి తీసేసిన వాటి స్థానంలో పెట్టడానికి దర్శకుడి దగ్గర పూర్తిగా సిద్ధమైనదేదీ లేకపోయింది.

## కాంబినేషన్ కుదిరింది, కథ కుదరలేదు

పేర్లు చూస్తే ఈ సినిమా ఫ్లాప్ కావడానికి కారణం దొరకదు. దర్శకుడు ఆర్థర్ పెన్ 1967లో ‘బానీ అండ్ క్లైడ్’తో హాలీవుడ్ హింసను చూపించే తీరునే మార్చాడు. 1970లో ‘లిటిల్ బిగ్ మ్యాన్’తో వెస్టర్న్‌ను తలకిందులు చేశాడు. రచయిత థామస్ మెగ్వేన్ అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో స్థిరపడ్డ నవలాకారుడు, అక్కడి రాంచ్ (పశువుల క్షేత్రం) మనుషుల మాటతీరు బాగా తెలిసినవాడు. సంగీతం జాన్ విలియమ్స్. పంపిణీ యునైటెడ్ ఆర్టిస్ట్స్. బ్రాండో అంతకుముందు 1972లో ‘గాడ్‌ఫాదర్’, ‘లాస్ట్ ట్యాంగో ఇన్ పారిస్’ చేసి మూడేళ్లకు పైగా తెరకు దూరంగా ఉన్నాడు. నికల్సన్ 1976 మార్చి 29న ‘వన్ ఫ్లూ ఓవర్ ది కుకూస్ నెస్ట్’కు ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే ఈ సినిమా థియేటర్లకు వచ్చింది. ఇంతకంటే మంచి ముహూర్తం ఏ పంపిణీదారుడికీ దొరకదు.

లాస్ ఏంజెలస్‌లో మల్‌హాలండ్ డ్రైవ్ మీద ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. అయినా ఇద్దరినీ ఒక్క తాటి మీదికి తెచ్చింది పొరుగుతనం కాదు, నిర్మాత ఎలియట్ కాస్ట్నర్ చాకచక్యం. బ్రాండో దగ్గర నికల్సన్ పేరు, నికల్సన్ దగ్గర బ్రాండో పేరు వాడి ఇద్దరినీ ఒప్పించాడని హాలీవుడ్‌లో చెప్పుకునే మాట. తెలుగు సినిమా వాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ముందు కాల్షీట్లు, తర్వాత కథ. ఒక హీరోతో అయితే ఇది కొన్నిసార్లు గట్టెక్కుతుంది, ఎందుకంటే కథను ఒక్కడి చుట్టూ తిప్పుకుంటే సరిపోతుంది. సమాన స్థాయి హీరోలు ఇద్దరున్నప్పుడు స్క్రిప్టులో ఎవరి బరువు ఎంత, ఎవరు ఎవరికి ఎప్పుడు ఎదురుపడతారు అన్నది ముందే తేలాలి. తేలకపోతే సెట్ మీద ఎవరికి ఖాళీ దొరికితే వాళ్లు ఆక్రమిస్తారు. ఇక్కడ ఆక్రమించింది బ్రాండో.

## గుర్రపు దొంగల కథ, దాని వెనక నిజమైన మోంటానా

మిస్సోరి బ్రేక్స్ అనేది ఉత్తర మధ్య మోంటానాలో మిస్సోరి నది కోసేసిన లోయలు, మట్టి గుట్టలు, ఎండు వాగుల ప్రాంతం. 2001 జనవరిలో ఇందులో కొంత భాగాన్ని అమెరికా ప్రభుత్వం జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించింది. 1880ల్లో గుర్రపు దొంగలకు ఇంతకంటే అనువైన చోటు లేదు. లోయల్లో మందను దాస్తే పైన మైదానం నుంచి కనిపించదు. కెనడా సరిహద్దు దగ్గర. ఒకవైపు కొట్టేసిన గుర్రాన్ని రెండోవైపు అమ్మితే దాని ఒంటి మీది ముద్రను గుర్తుపట్టేవాళ్లు ఉండరు.

దొంగతనాలకు విరుగుడుగా పెద్ద పశువుల ఆసాములు కోర్టులను నమ్ముకోలేదు. 1884లో గ్రాన్‌విల్ స్టూవర్ట్ నాయకత్వంలో ఒక రహస్య ముఠా ఇదే ప్రాంతంలో డజనుకు పైగా అనుమానితులను కాల్చో, ఉరితీసో చంపింది. జనం వాళ్లను ‘స్టూవర్ట్ స్ట్రాంగ్లర్స్’ అన్నారు. పక్కనున్న వయోమింగ్‌లో 1892 నాటి జాన్సన్ కౌంటీ ఘర్షణలో ఆసాములు కిరాయి తుపాకులను ఏకంగా రైల్లో దింపారు. అక్కడే టామ్ హార్న్ అనే ‘స్టాక్ డిటెక్టివ్’ పశువుల దొంగలను దూరం నుంచి రైఫిల్‌తో కాల్చేవాడని పేరు మోశాడు. 14 ఏళ్ల కుర్రవాడి హత్య కేసులో 1903లో షాయెన్‌లో అతన్ని ఉరితీశారు.

సినిమా కథ ఈ వాస్తవం మీదే నిలబడింది. డేవిడ్ బ్రాక్స్‌టన్ (జాన్ మెక్లియమ్) పెద్ద భూస్వామి, ఇంటినిండా పుస్తకాలు, నోటినిండా సంస్కారం. మొదటి దృశ్యంలో ముగ్గురు గుర్రాల మీద గడ్డి మైదానంలో కబుర్లాడుకుంటూ వస్తారు. ఎండ బాగుంది, సంగీతం హాయిగా ఉంది. ఒక చెట్టు దగ్గర జనం పోగై ఉంటే తిరునాళ్లకో వనభోజనానికో వచ్చారనిపిస్తుంది. ఆ ముగ్గురిలో కుర్రవాణ్ణి ఉరితీయడానికే అక్కడికి తెచ్చారని కొమ్మకు ఉచ్చు కనబడ్డాకే తెలుస్తుంది. కొన్ని నిమిషాల్లోనే భూస్వామి న్యాయం ఎలాంటిదో ఒక్క ఉపన్యాసం లేకుండా చెప్పేశాడు పెన్. మిగిలిన సినిమాను కొలవాల్సింది ఈ దృశ్యంతోనే.

ఉరికి ఎక్కిన కుర్రవాడు టామ్ లోగన్ (నికల్సన్) ముఠా మనిషి. ముఠా ప్రతీకారంగా బ్రాక్స్‌టన్ మేస్త్రీని ఉరితీస్తుంది. రైలు దోచి వచ్చిన డబ్బుతో బ్రాక్స్‌టన్ భూముల పక్కనే చిన్న పొలం కొంటుంది. ఆ పొలం అసలు పని వ్యవసాయం కాదు, మజిలీ. దూరం నుంచి తోలుకొచ్చిన గుర్రాలు డస్సిపోయి ఉంటాయి. మేతా నీళ్లూ, దారిన పోయేవాడికి అనుమానం రాని కొట్టమూ కావాలి. పొలానికి కాపలా మిగిలిన లోగన్ నిజంగానే కాలవ తవ్వి, కూరగాయల మడి వేసి, బ్రాక్స్‌టన్ కూతురు జేన్ (కాథ్లీన్ లాయిడ్)తో ప్రేమలో పడతాడు. మిగతావాళ్లు కెనడా మౌంటెడ్ పోలీసుల గుర్రాలు కొట్టేయడానికి సరిహద్దు దాటతారు. ఈలోపు బ్రాక్స్‌టన్ ఒక ‘రెగ్యులేటర్’ను, అంటే దొంగలను వేటాడి చంపే కిరాయి మనిషిని, పిలిపిస్తాడు. అతని పేరు రాబర్ట్ ఇ. లీ క్లేటన్. అదీ బ్రాండో.

ఇక్కడి వరకు సినిమాకు పెద్ద వంక పెట్టలేం. హ్యారీ డీన్ స్టాంటన్, రాండీ క్వెయిడ్, ఫ్రెడరిక్ ఫారెస్ట్ ఉన్న దొంగల ముఠా సంభాషణలు మెగ్వేన్ రాసిన వాటిలో మంచి భాగం.

## వారాల లెక్కన హీరోలు

నటుల ఒప్పందాల గురించి అప్పట్లో బయటికి వచ్చిన వివరాలు సినిమా ఎందుకు ఇలా తయారైందో చాలావరకు చెబుతాయి. బ్రాండోకు ఐదు వారాల పనికి 10 లక్షల డాలర్లు, పైగా వసూళ్లు కోటి డాలర్లు దాటాక దాటిన దానిలో 11.3 శాతం. నికల్సన్‌కు పది వారాలకు 12 లక్షల 50 వేలు, కోటి 25 లక్షలు దాటాక 10 శాతం. వారానికి లెక్కేస్తే బ్రాండోకు 2 లక్షలు, నికల్సన్‌కు లక్షా 25 వేలు. రెండు మెట్లూ దాటాక వచ్చే ప్రతి డాలరులో 21 సెంట్లకు పైగా ఇద్దరు నటులకే పోతాయి.

ఈ ఒప్పందం షూటింగ్‌ను మూడు రకాలుగా కట్టిపడేస్తుంది. ఒకటి, బ్రాండో సీన్లన్నీ ఐదు వారాల ముద్దలో తీసేయాలి, కథ వరసతో పని లేదు. క్లేటన్ రాక, మధ్యలో అతను చేసే హత్యలు, చివరి చావు అన్నీ దగ్గరదగ్గరగా తీయాల్సి వస్తే ఒక నటుడు పాత్ర ఎదుగుదలను మనసులో ఉంచుకుని చేయడం కష్టం. ఏ సీను కా సీను మెరిపించడం తేలిక. రెండు, క్లేటన్ కథలో ఆలస్యంగా వస్తాడు, తర్వాత ఎక్కువగా ఒంటరిగా తిరుగుతాడు. అంటే ఇద్దరు హీరోల కాంబినేషన్ సీన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ప్రేక్షకుడు టికెట్ కొన్నది వాటి కోసం. మూడు, సెట్ మీద స్క్రిప్టు మార్చాలంటే టైమ్ కావాలి, టైమ్ కావాలంటే వారానికి 2 లక్షలు. కాబట్టి దిద్దాల్సిన చోట దిద్దకుండా, నటుడు అక్కడికక్కడ కల్పించిన దాన్నే కెమెరాకు ఎక్కించడం చవక.

స్క్రిప్టు తేలలేదనడానికి బయటి ఆధారం కూడా ఉంది. ముగింపును సరిచేయడానికి ‘చైనాటౌన్’ రచయిత రాబర్ట్ టౌన్‌ను పిలిచారు. తెర మీద అతని పేరు లేదు. ముగింపును మరొకరు రాయాల్సి వచ్చిందంటే కథ ఎక్కడికి పోతుందో మొదట్లో ఎవరూ గట్టిగా నిర్ణయించుకోలేదన్నమాట.

వసూళ్ల విషయానికొస్తే, ఖర్చు సుమారు కోటి డాలర్లు, రాబడి సుమారు కోటి 40 లక్షలు అని సాధారణంగా చెప్పే లెక్క. పైకి లాభంలా కనిపిస్తుంది. నిజానికి టికెట్ డబ్బులో సగానికి అటూఇటూ థియేటర్ల దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన దాంట్లోంచి పంపిణీ కమిషన్, ప్రింట్లు, ప్రచారం పోవాలి. ఆ లెక్కన నిర్మాణ ఖర్చు తిరిగి రావడమే కష్టం.

## క్లేటన్: పాత్రా, వేషాల మూటా?

సినిమా చూసినవాళ్లకు మొదట గుర్తొచ్చేది క్లేటనే. శవపేటిక చుట్టూ జనం దుఃఖంలో ఉన్న చోటికి వస్తాడు. పంటి నొప్పి. శవం పాడవకుండా పెట్టిన మంచులోంచి ఒక ముక్క తీసి దవడకు అదుముకుంటాడు. చంపడానికి వచ్చినవాడికి చావంటే ఎంత చులకనో ఒక్క మంచుముక్క చెప్పేసింది. ఇది కల్పన అయినా, పాత్రలోంచి పుట్టిన కల్పన.

తర్వాతివి అన్నీ ఇలాంటివి కావు. ఐరిష్ యాసలో మొదలై మరో యాసలోకి జారిపోతాడు. అంచులు వేలాడే తోలు చొక్కాతో వచ్చినవాడు ఒకచోట ముసలమ్మ గౌను, తలకు బోనెట్ వేసుకుని హత్యకు బయలుదేరతాడు. పిట్టలను బైనాక్యులర్లతో చూస్తుంటాడు. తన గుర్రంతోనూ కంచరగాడిదతోనూ ప్రియురాళ్లతో మాట్లాడినట్టు ముచ్చట్లాడతాడు. ఇనుప మొనలతో బల్లేనికీ గదకూ మధ్యరకంగా ఉండే ఒక విసిరే ఆయుధం వాడతాడు. అది బ్రాండో స్వయంగా ఊహించినదే. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చూడముచ్చటే. చిక్కంతా వీటిని కలిపే దారం లేకపోవడంలో ఉంది.

దారం ఉండాల్సిన చోటు ఒకటి స్క్రిప్టులోనే కనబడుతుంది. క్లేటన్ పద్ధతి చూసి భయపడ్డ బ్రాక్స్‌టన్ అతన్ని మానుకోమంటాడు. క్లేటన్ వినడు, డబ్బు లేకుండానైనా మొదలుపెట్టిన పని పూర్తి చేస్తానంటాడు. భూస్వామి పెంచిన హింస భూస్వామి చేయి దాటిపోయిన క్షణం అది. 1880ల మోంటానా గురించి సినిమా చెప్పగలిగిన అతి ముఖ్యమైన సంగతి. కానీ అప్పటికే క్లేటన్ చేష్టలకు నవ్వాలో జడుసుకోవాలో తేల్చుకోలేని ప్రేక్షకుడికి ఆ మలుపు మరో వేషంలాగే తోస్తుంది.

పెన్ తప్పు ఇక్కడ ఎంత? అతను రంగస్థలం నుంచి, లైవ్ టీవీ నాటకాల నుంచి వచ్చినవాడు. నటుణ్ణి స్వేచ్ఛగా వదిలి, అందులోంచి ఏరుకోవడం అతని పద్ధతి. 1966లో ‘ది చేజ్’లో బ్రాండోతో అలాగే పనిచేశాడు. ఏరుకోవడం అనే రెండో మెట్టు ఈసారి జరిగినట్టు కనిపించదు. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు విన్సెంట్ క్యాన్బీతో సహా ఆనాటి విమర్శకులు చాలామంది తిట్టింది దీన్నే. అయితే నెపం మొత్తం బ్రాండో మీదికి తోయడం సుళువైన తీర్పు. ఖాళీ ఉన్న చోటే నటుడు కల్పిస్తాడు. నికల్సన్ పాత్రకు పొలం, కాలవ, ప్రేమ, పగ అన్నీ రాసి ఇచ్చారు; అందుకే అతను తన మామూలు చిలిపితనాన్ని పక్కనపెట్టి అణకువగా చేశాడు. క్లేటన్‌కు రాసి ఇచ్చినవి ఒక వృత్తి, ఒక రైఫిల్, ఒక పేరు. మిగతాదంతా బ్రాండో సొంత సరుకు.

## తీసేసింది ఏమిటి, పెట్టింది ఏమిటి

రివిజనిస్ట్ వెస్టర్న్ అంటే పాత కౌబాయ్ సినిమా నమ్మకాలను ప్రశ్నించే వెస్టర్న్. పాతదానిలో ఊరు మంచిది, తుపాకీ మంచివాడి చేతిలో న్యాయం, చివర ముఖాముఖి కాల్పులతో లెక్క సరి. 1968లో పాత సెన్సార్ నియమావళి పోయి రేటింగుల పద్ధతి వచ్చాక, వియత్నాం యుద్ధం ఇంటింటి టీవీలో కనబడుతున్న కాలంలో, ఈ నమ్మకాలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. ‘వైల్డ్ బంచ్’ (1969) చావులోని అందాన్ని రక్తంతో కడిగింది. ‘లిటిల్ బిగ్ మ్యాన్’ సైన్యాన్ని హంతకుల ముఠాగా చూపించింది.

ప్రశ్నించడం సగం పనే. ఒక పాత అలవాటును తీసేస్తే అది చేస్తున్న పనిని మరొకటి చేయాలి. చివరి కాల్పుల పోరు కేవలం ఆడంబరం కాదు. రెండు గంటలుగా పేరుకున్న ఉత్కంఠను ఒక్కచోట దింపే సాధనం. దాన్ని తీసేస్తే ఆ ఉత్కంఠ ఎక్కడ దిగుతుందో ముందే చూసుకోవాలి.

రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ‘మెక్‌కేబ్ అండ్ మిసెస్ మిల్లర్’ (1971) చూడండి. అందులోనూ వీరోచితమైన ద్వంద్వయుద్ధం లేదు. గనుల కంపెనీ పంపిన ముగ్గురు హంతకుల నుంచి ఒక పిరికి వ్యాపారి మంచులో దాక్కుంటూ తిరుగుతాడు. పోరు గౌరవాన్ని తీసేసినా ఉత్కంఠను తీసేయలేదు, పైగా పెంచింది. కంపెనీ ఎందుకు చంపించాలనుకుంటుందో, మెక్‌కేబ్ ఏం పోగొట్టుకుంటాడో మొదటి నుంచి స్పష్టం. అందుకే వసూళ్లతో నిమిత్తం లేకుండా ఆ సినిమా నిలిచింది.

‘మిస్సోరి బ్రేక్స్’లో ఎదురెదురు సీన్లు ఎలా నడిచాయో చూస్తే తేడా తెలుస్తుంది. క్లేటన్ నురగ నిండిన తొట్టిలో స్నానం చేస్తుంటాడు. తుపాకీతో లోగన్ లోపలికి వస్తాడు. క్లేటన్ బతిమాలడు, బెదిరించడు. వీపు తిప్పుతాడు, అంతే. నిరాయుధుడి వీపు మీద కాల్చలేక లోగన్ వెనక్కి తగ్గుతాడు. సీను బాగుంది. పాత వెస్టర్న్ ధర్మం లోగన్ కాళ్లకు ఎలా సంకెల అవుతుందో చూపింది. కానీ దీని ఫలితం? తన మనుషులు ఒక్కొక్కరే చస్తుంటే లోగన్ ఈ నిమిషాన్ని ఎలా మోస్తాడన్నది సినిమా పట్టించుకోదు. ఒకణ్ణి క్లేటన్ నదిలో ముంచి చంపుతాడు, మరొకణ్ణి తన వింత ఆయుధంతో పొడుస్తాడు. హత్యలు వరసగా పోతాయి, లోగన్ మాత్రం చాలాసేపు కథకు పక్కనే ఉండిపోతాడు.

చివరికి ఒక రాత్రి క్లేటన్ ఆరుబయట మంట పక్కన నిద్రపోతాడు. కెమెరా అతని ముఖానికి దగ్గరగా ఉంటుంది. కళ్లు తెరుస్తాడు. ఎదురుగా లోగన్ ముఖం. నిద్ర ఎందుకు చెడిందో తెలుసా అని తాపీగా అడిగి, గొంతు తెగడం వల్లనేనని లోగనే జవాబు చెబుతాడు. ఇద్దరు మహానటుల పోరు ఇంతటితో సరి. దొంగచాటు హంతకుడు దొంగచాటుగానే చావడం ఆలోచనగా సరైనది, తీత కూడా అదిరిపోయేలా ఉంది. పైగా తొట్టి సీనులో చేయలేని పని లోగన్ ఇప్పుడు చేశాడు కాబట్టి మనిషి మారాడని అర్థం కావాలి. ఆ మార్పుకు దారి వేసే సీన్లు మధ్యలో లేవు. అందువల్ల థియేటర్లో జనానికి అది ముగింపులా కాక, చూడాలని వచ్చిన సీను ఎవరో కత్తిరించినట్టు తోచింది. ఆ తర్వాత బ్రాక్స్‌టన్‌తో లెక్క తేల్చుకోవడం, జేన్‌తో వీడ్కోలు ఇంకా మిగిలే ఉన్నాయి. 126 నిమిషాల సినిమాలో అసలు ఆకర్షణ ముగిశాక నడిచే ఆ చివరి భాగం అందుకే నీరసంగా అనిపిస్తుంది.

## అదే ఏడాది, అదే జానర్

వెస్టర్న్‌లకు కాలం చెల్లింది కాబట్టి ఆడలేదనే వాదన ఒకటి ఉంది. 1976 లెక్కలు దాన్ని సగమే సమర్థిస్తాయి. జూన్ 30న వచ్చిన క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘ది ఔట్‌లా జోసీ వేల్స్’ సుమారు 37 లక్షల డాలర్లతో తీసి 3 కోట్లకు పైగా రాబట్టింది. అదీ పాత నమ్మకాలను ప్రశ్నించిన సినిమానే. అమెరికా అంతర్యుద్ధంలో గెలిచిన ఉత్తర సైన్యం వాళ్లు అందులో దుర్మార్గులు, కథానాయకుడు ఓడిన పక్షం, అతని గుంపులో చెరోకీ అనే ఆదివాసీ తెగ వృద్ధుడు. అయినా పగ అనే ఇంజన్‌ను మాత్రం ముట్టుకోలేదు. మొదటి పది నిమిషాల్లో అతని కుటుంబాన్ని ఎవరు చంపారో చూపించి, ఆ దారం చివరిదాకా లాగారు. అక్కడా సెట్ మీద గొడవ జరిగింది. ఫిలిప్ కాఫ్‌మన్‌ను తప్పించి ఈస్ట్‌వుడ్డే దర్శకత్వం చేపట్టాడు. గొడవలు జరిగినంత మాత్రాన సినిమా పోదు.

ఆ వేసవిలోనే వచ్చిన ఆల్ట్‌మన్ ‘బఫెలో బిల్ అండ్ ది ఇండియన్స్’ పాల్ న్యూమన్, బర్ట్ లాంకాస్టర్ ఉన్నా పడిపోయింది. బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రథమ బహుమతి వచ్చినా అమెరికా జనం రాలేదు. అమెరికా 200 ఏళ్ల పండుగ సమయంలో దేశపు వీరగాథ మొత్తం సర్కస్ అని చెప్పడం ఒక కారణం కావచ్చు. దానిలోనూ ‘మిస్సోరి బ్రేక్స్’లోనూ ఉన్న పోలిక వేరే: రెండూ వీరుణ్ణి ఎగతాళి చేశాయి, ఆ తర్వాత ప్రేక్షకుడు ఎవరి వెంట నడవాలో చెప్పలేదు.

తెలుగువాళ్ల కౌబాయ్ సినిమా అమెరికా నుంచి కంటే ఇటలీలో తీసిన వెస్టర్న్‌ల నుంచి ఎక్కువ వచ్చింది. కృష్ణ హీరోగా కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) మొదలు ‘కొదమ సింహం’ (1990), ‘టక్కరి దొంగ’ (2002) వరకు నిధి, ద్రోహం, ప్రతీకారం, క్లైమాక్స్ ఫైటు అనే చట్రమే. ఆ అలవాటుతో ‘మిస్సోరి బ్రేక్స్’ చూస్తే ఏదో రీలు తప్పిపోయిందనిపించడం సహజం. అమెరికా ప్రేక్షకుడికీ 1976లో దాదాపు అదే అనిపించింది.

## ఆ తర్వాత

పెన్ మళ్లీ సినిమా తీయడానికి ఐదేళ్లు పట్టింది. ‘ఫోర్ ఫ్రెండ్స్’ 1981లో వచ్చింది. నికల్సన్ 1978లో ‘గోయిన్ సౌత్’ అనే వెస్టర్న్‌కు తనే దర్శకత్వం వహించి తనే నటించాడు. మెగ్వేన్‌కు కిరాయి హంతకుడి కథ వదల్లేదు; 1980లో స్టీవ్ మెక్వీన్ నటించిన ‘టామ్ హార్న్’ స్క్రిప్టులో భాగస్వామి అయ్యాడు. బ్రాండో మార్కెట్‌కు మాత్రం ఏమీ కాలేదు. 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’లో కొన్ని నిమిషాల పాత్రకు 37 లక్షల డాలర్లు, పైగా వాటా. ‘జోసీ వేల్స్’ సినిమా మొత్తానికి అయిన ఖర్చు అంత. తక్కువ రోజులు, భారీ మొత్తం, వసూళ్లలో భాగం అనే లెక్క ‘మిస్సోరి బ్రేక్స్’ పోయినా చెక్కుచెదరలేదు.

యునైటెడ్ ఆర్టిస్ట్స్ కూడా పాఠం నేర్చుకున్నట్టు కనిపించదు. నాలుగేళ్లకే మరో రివిజనిస్ట్ వెస్టర్న్, మళ్లీ ఎక్కువగా మోంటానాలోనే షూటింగు, ఈసారి వయోమింగ్ జాన్సన్ కౌంటీ ఘర్షణ మీద తీయించింది. మైకేల్ చిమినో దర్శకత్వంలో వచ్చిన ఆ ‘హెవెన్స్ గేట్’ (1980)కు 4 కోట్ల 40 లక్షల డాలర్ల దాకా ఖర్చయింది. అమెరికాలో వచ్చింది సుమారు 35 లక్షలు. 1981లో మాతృసంస్థ ట్రాన్స్‌అమెరికా స్టూడియోను ఎం.జి.ఎం.కు అమ్మేసింది. రెండు సినిమాల రోగం ఒకటి కాదు. ‘హెవెన్స్ గేట్’లో దర్శకుడికి అడ్డు లేదు, ‘మిస్సోరి బ్రేక్స్’లో నటుడికి అడ్డు లేదు. రెండు చోట్లా ముందుగా కుదిరిన పేరును చూసి లెక్క అడగాల్సినవాళ్లు ఊరుకున్నారు.

ఇంకో పోలిక గుర్రాలది, దీని గురించి తక్కువ మాట్లాడుకుంటారు. ‘మిస్సోరి బ్రేక్స్’ షూటింగ్‌లో ఒక గుర్రం నీళ్లలో మునిగి చచ్చిపోయింది, మరికొన్ని గాయపడ్డాయి. ఒకదాన్ని కాళ్లకు తీగ అడ్డం పెట్టి పడగొట్టారు. పరుగులో ఉన్న గుర్రం ముందుకాళ్లు ఒక్కసారిగా ఆగిపోతే బరువంతా మెడ మీదా భుజాల మీదా పడుతుంది. తెర మీద పల్టీ బ్రహ్మాండంగా వస్తుంది, గుర్రానికి ఎముకలు విరుగుతాయి. జంతు సంరక్షణ సంస్థ అమెరికన్ హ్యూమేన్ అసోసియేషన్ అప్పటికే నిషేధించిన పద్ధతి అది. అందుకే ఆ సంస్థ ఈ సినిమాను ‘అంగీకారం కాదు’ జాబితాలో పెట్టింది.

జాబితాలో పెట్టడం తప్ప మరేమీ చేయలేకపోయింది. ‘జెస్సీ జేమ్స్’ (1939) సినిమా కోసం గుర్రాన్ని కొండ మీంచి దూకించి చంపాక ఈ సంస్థ 1940 నుంచి షూటింగులను పర్యవేక్షించడం మొదలుపెట్టింది. సెట్ మీదికి వెళ్లే అధికారం పాత సెన్సార్ కార్యాలయం ద్వారా దక్కేది. 1960ల్లో ఆ ఏర్పాటు కూలిపోయాక సంస్థకూ తలుపులు మూసుకున్నాయి. అంటే వెస్టర్న్‌లో రక్తాన్ని, నిజాన్ని చూపే స్వేచ్ఛ వచ్చిన తలుపులోంచే గుర్రాలకు ఉన్న రక్షణ బయటికి పోయింది. ‘హెవెన్స్ గేట్’ సెట్ మీద మళ్లీ గుర్రాలు చచ్చాయన్న ఆరోపణలు రేగాక, 1980లో నటుల సంఘానికీ నిర్మాతలకూ మధ్య జరిగిన ఒప్పందంలో జంతువులున్న షూటింగులను పర్యవేక్షించే అధికారం ఆ సంస్థకు తిరిగి దక్కింది.